అమ్మమ్మ దిగిన కొండ

చింతపల్లి కాఫీ తోటలోంచి నెత్తిన గంపతో దిగేటప్పుడు మా అమ్మమ్మ తుంటి కాస్త వెనక్కి పెట్టి, మోకాళ్లు లోపలికి వాలనీకుండా ఏటవాలుగా అడుగేసేది. నేను తిన్నగా పరుగెడితే అరిచేది: "ఏటే గుంటా ఆ పరుగు? బరువు తొడల మీద ఎయ్యి!"

కింద ఊరి హాస్టల్లో, అప్పటికి నాకూ అలవాటైన ఆ నడక చూసి తోటి పిల్లలు నవ్వితే సిగ్గుపడి మానేశాను. వాళ్ల మోకాళ్లు ఇప్పుడెలా ఉన్నాయో!

ఏళ్ల తరబడి కుర్చీ ఉద్యోగం చేశాక, మెట్లు దిగితే నా మోకాలి చిప్ప వెనక సలుపు. తొడ, తుంటి కండరాలు బలహీనపడి అడుగేసినప్పుడల్లా మోకాలు లోపలికి పోతోందని చెప్పి, ఫిజియోథెరపిస్టు పీట మీంచి దిగడం నేర్పుతోంది. అచ్చం అమ్మమ్మ నడకే.

ఆవిడ గంపతో కొండ దిగేది. నేను గోడ పట్టుకొని పీట దిగుతున్నాను.