చల్లక్క

తలకు తీగలు అంటించి మెదడు గీతలు తీసే ఆసుపత్రి గదిలో ఆమెను అందరూ చల్లక్క అంటారు. ముడిలో ఎప్పుడూ ఒక దువ్వెన, ఎడమచేతి మీద ఒక బొట్టు జిగురు. పాపిట తీసి ఆ జిగురు రాసేముందు ప్రతివాళ్లకీ చెబుతుంది: "కొంచెం చల్లగా ఉంటుందండీ." "కొంచెమేనా? నిండా చల్లగా ఉండమని దీవించొచ్చుగా!" అని ముసలివాళ్లు పరాచికాలాడతారు. స్పృహ లేనివాళ్లకూ చెబుతుంది. "ఎవరికమ్మా చెప్తున్నావ్, గోడకా?" అని డాక్టరు నవ్వుతాడు.

ఆవేళ స్పృహ తప్పిన ఒక వృద్ధ భిక్షుణిని తెచ్చారు. నున్నటి గుండు, దువ్వెనతో పనే లేదు. వెంట, ఆమెతో నలభై ఏళ్లు ఒకే గదిలో ధ్యానం చేసిన తోటి భిక్షుణి వచ్చింది. చల్లక్క ఎప్పటిలాగే చెప్పి జిగురు రాసింది. తెరమీద గీతలు దాదాపు చదునుగా సాగాయి. "మెదడు ఆగితే మనసూ ఆగినట్టేనా అమ్మా?" అని చల్లక్క గొంతు తగ్గించి అడిగింది. తోటి భిక్షుణి స్నేహితురాలి పాదం నిమురుతూ, "ఒత్తి లేనిదే మంట లేదు. అలాగని ఒత్తే మంట కాదుగా. మనసూ అంతే, క్షణక్షణం కొత్తగా పుట్టే మంట. ఈవిడ ఉందో లేదో నాకూ తెలీదు తల్లీ," అంది. చల్లక్క తీగలు విప్పి, గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచింది. ఆ గీతలు చూశాక, మొదటిసారి ఏమీ అనకుండానే తుడవబోయింది. తోటి భిక్షుణి ఆ చేయి పట్టుకుంది. "వెచ్చగా ఉంటుందని చెప్పవా? పాపం, ఉలిక్కిపడుతుందేమో." చల్లక్క వంగి, చెవి దగ్గర చెప్పింది. స్నేహితురాలి తరఫున తోటి భిక్షుణే అంది: "చల్లగా ఉండు తల్లీ."