కొళాయి చప్పుడు చాటున పలికిన పేరు

ఫోను కొన్న రోజున ఇన్‌షిరాహ్ ఎదురు చెప్పలేదు. అలెగ్జాండ్రియాలోని కర్మూజ్ వీధి దుకాణదారుడు డబ్బా విప్పి, తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఆమెను అడక్కుండానే "ఒప్పుకుంటున్నాను" అని నొక్కుకుంటూ పోయాడు. "అవన్నీ ఏంటి నాయనా?" అని ఆమె అడిగితే, "ఇవన్నీ చదువుతూ కూచుంటే నాకు గడ్డం నెరుస్తుంది హాజ్జా. అందరూ నొక్కేదే" అన్నాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది.

ఆ వారం నుంచే ఎవరెవరో ఆమెను పేరు పెట్టి పలకరిస్తూ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఎడారిలో ఇళ్ళ స్థలాలట, ఒళ్ళు తగ్గించే మందులట. నా పేరు నీకెవరిచ్చారని ఆమె ఒక్కరినీ నిలదీయలేదు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి బాబూ, మాకొద్దు" అని పెట్టేసేది. బడిపిల్లల బట్టలు కుడుతూ సంసారం లాక్కొచ్చిన మనిషి. ఎవరితోనూ గొంతు పెంచి ఎరగదు.

ఆమె భర్త షౌకీ ఆ ఊళ్ళోనే ట్రాము నడిపి రిటైరయ్యాడు. మేడ మీద చెక్కలతో ఎత్తైన గూడు కట్టి పావురాలు పెంచేవాడు. సాయంత్రం జెండా గుడ్డ ఊపుతూ వాటిని ఎగరేసేవాడు. పక్క మేడ మీది సుబ్‌హీ కూడా తన గుంపును వదిలేవాడు. ఎవరి గుంపు ఎవరి పావురాన్ని లాక్కొస్తుందా అని ఇద్దరికీ రోజూ పోటీయే.

"నీ పావురాలకి నా ఇంటి జొన్నలే రుచిగా ఉన్నట్టున్నాయి షౌకీ" అని అతను అరిచేవాడు.

"అవి నీ దరిద్రం చూసిపోదామని వస్తాయిలే" అని ఇతను అరిచేవాడు.

చీకటి పడితే బాల్కనీలో కూర్చుని భార్య ఫోనులో పావురాల వీడియోలు చూసేవాడు. ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఫోనే.

ఆ చలికాలం షౌకీ కళ్ళు పచ్చబడ్డాయి, తిండి తగ్గింది. పరీక్షలయ్యాక డాక్టరు అతన్ని బయట కుర్చీలో కూర్చోమని, భార్యనూ కూతురు రబాబ్‌నూ లోపలికి పిలిచాడు. పాంక్రియాస్‌లో కేన్సరు, కోసి తీసే దశ దాటిపోయిందని చెప్పాడు.

ఆ పేట ఇళ్ళల్లో ఆ జబ్బు పేరు నోట పలకరు. "ఆ పాడుది" అంటారు, అదీ గొంతు తగ్గించి. రోగికి అసలే చెప్పరు. తెలిస్తే గుండె జారిపోయి ముందే పోతాడని భయం.

"నాన్నకి తెలిస్తే ఆ రోజే మంచం పడతాడమ్మా. లివరు వాచిందని చెబుదాం" అంది రబాబ్, ఆసుపత్రి మెట్ల మీద కళ్ళు తుడుచుకుంటూ.

ఇన్‌షిరాహ్ సరేనంది. కానీ మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. చెప్పక తప్పని రోజంటూ వస్తే ఆ మాట ఇంకెవరి నోటా అతని చెవిన పడకూడదు. తనే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి.

అయితే ఆమెకు వంద సందేహాలు. ములూఖియా ఆకుకూర పెట్టవచ్చా? నొప్పి ఎక్కువైతే ఏం చేయాలి? ఇంకెన్నాళ్ళు? ఎవరిని అడుగుతుంది? వంటింట్లోకి వెళ్ళి కొళాయి ధారగా తిప్పేది. ఆ చప్పుడు చాటున ఫోను నోటికి ఆనించుకుని ఆ జబ్బు పేరు పలికి వెతికేది. చెల్లెలి దగ్గర కూడా పలకని పేరును ఆమె ఆ ఫోనుకు మాత్రమే చెప్పుకుంది.

పేజీ తెరవగానే అడ్డంగా ఒక పెట్టె వచ్చేది. మీరేం చూశారో గుర్తుపెట్టుకునే కుకీలను మేమూ మా భాగస్వాములూ వాడుకుంటాం, ఒప్పుకోండి అని. "ఒప్పుకుంటున్నాను" అన్నది పచ్చగా, బొటనవేలంత ఉండేది. వద్దనడానికి దారి ఎక్కడో అడుగున, బూడిద రంగు చిన్న అక్షరాల్లో. పొయ్యి మీద కూర మాడుతుంటే, బాల్కనీలోంచి మొగుడు పిలుస్తుంటే ఎవరు వెతుకుతారు? పచ్చదాన్నే నొక్కేది. చదివాక, రబాబ్ నేర్పినట్టు వెతికినవన్నీ తుడిచేసి ఫోను అతని చేతికిచ్చేది.

రంజాన్ నెల వెళ్ళి, పండగ కహ్క్ బిస్కెట్లు ఇంకా డబ్బాలో ఉండగానే, ఒక రోజు సుబ్‌హీ తట్టలు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. షౌకీ ఒక్కో పావురాన్నీ రెక్కలు ముడిచి పట్టుకుని అతనికి అందిస్తున్నాడు. సుబ్‌హీ నోట ఒక్క ఎగతాళి మాట లేదు.

అతను దిగిపోయాక ఇన్‌షిరాహ్ అడిగింది. "బుద్ధుందా నీకు? ఆయనకా ఇచ్చేది? లివరు నయమయ్యాక మళ్ళీ వెళ్ళి అడుక్కుంటావా?"

"కూచో రబాబ్ వాళ్ళమ్మా" అన్నాడు షౌకీ. "లివరు గోల ఇంక వదిలెయ్. నాకు తెలుసు."

ఆమె అతని పక్కకి వచ్చి కూచుంది. "ఎవరు చెప్పారు? రబాబా?"

"నీ ఫోనే చెప్పింది. పావురాల వీడియో మధ్యలో ఒక ప్రకటన. పాంక్రియాస్ కేన్సరు ఆఖరి దశలో ఉన్న మీ వారికి మా క్లినిక్‌లో ఆశ ఉంది, రండి అని. ఎవడి ఖర్మో అనుకుని తోసేశాను. మర్నాడు ఇంకోటి. ఆ తర్వాత ఏ వీడియో పెట్టినా అదే. ఇంత ఊళ్ళో అందర్నీ వదిలి అవి నా వెంటే పడ్డాయంటే, ఈ ఇంట్లోనే ఎవరో అడిగుండాలి కదా."

"నేను తుడిచేశాను" అంది ఆమె. "ఒట్టు. అన్నీ తుడిచేశాను."

"నీ దగ్గర తుడిచావేమో."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఉపవాసాలు మొదలవకముందే."

అంటే రంజాన్ నెల పొడుగునా అతను తెలిసే పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుని వడ్డించింది. అతను నవ్వు తెచ్చిపెట్టుకుని తిన్నాడు. ఒకే మంచం మీద, ఒకే దిగులుతో, ఇద్దరూ చెరో వైపుకి తిరిగి పడుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత కష్టపడి దాస్తుంటే ఎట్లా చెప్పను?" అన్నాడు. "నువ్వు చెప్పుంటే నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఫోను ముందు ఏం ఏడుస్తాను?"

ఆమె అప్పుడు అతని చెయ్యి పట్టుకుంది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఎండాకాలం ముదరకముందే షౌకీ పోయాడు. నలభయ్యో రోజు ప్రార్థనలు ఇంకా కాలేదు, ఫోను తెరిస్తే సమాధికి పాలరాయి చెక్కుతామని ఒకరు, పోయినవారి పేరున దానం చేయండని ఒకరు. ఇన్‌షిరాహ్ ఇప్పుడు ఆ ఫోనును బోర్లా పెట్టి బట్టలు కుట్టుకుంటోంది. తప్పంతా తనదే అంటుంది. కొళాయి ఇంకా పెద్దగా తిప్పాల్సిందేమోనని కూడా అంటుంది.

తప్పు ఆమెది కాదు. భర్త బతుకు గురించి భయపడి అడిగిన ప్రశ్నను సరుకు చేసి అమ్ముకున్నవాళ్ళది. మాడే కూర దించుకునే తొందరలో నొక్కిన నొక్కుడును సమ్మతి అని పిలిచే వాళ్ళది. ఈ సంగతి చదివిన మీరు ఒక పని చేయండి. మీరు జబ్బుల గురించి చదివే పేజీ ఏ ఆసుపత్రిదో, ఏ మందుల దుకాణందో చూసి, నా ప్రశ్నను ఎవరికిచ్చారని వాళ్ళను అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. మీ డాక్టరు చేత అడిగించండి. వద్దనే మాట కూడా ఒప్పుకోలంత పెద్ద అక్షరాల్లో ఉండాలని పట్టుబట్టండి. రోగి గురించి అడిగిన మాట ఇంటి గడప దాటకూడదని చట్టం చేసేవాళ్ళ ముందు గట్టిగా చెప్పండి. ఏదో ఒక వంటింట్లో ఈ పూట కూడా ఒక ఆడమనిషి ఆ పేరు మెల్లగా పలుకుతూనే ఉంటుంది. ఆమెకు తన మాట తనే చెప్పుకునే అవకాశమైనా మిగల్చండి.