పిల్లర్‌కు గరుకు బట్ట

కారు పైకప్పు బట్ట ఊడి తలల మీదికి జారుతోందని, కొత్తది వేయించడానికి నేనూ మా ఆవిడా ఇబ్రహీంపట్నంలో సీట్లు కుట్టే దుకాణానికి వెళ్లాం. సత్సంగానికి వెళ్లే బండి కదా అని నేను మీగడ రంగు మెత్తటి బట్ట ఎంచాను. దుకాణదారు మాత్రం ముందు సీటు పక్కన, పైకప్పును మోసే కమ్మీని, అదే పిల్లర్‌ను, తడిమి చూశాడు. అక్కడ బట్ట అరిగి దారాలు తేలాయి.

"గీడ ఎవరు కూసుంటరన్నా? మస్తు గట్టిగ పట్టుకున్నరు."

"నేనే," అంది మా ఆవిడ. "బడంగ్‌పేట్ భజనకు పోయినప్పుడల్లా."

ఆ దారి పొడవునా ఆమె విష్ణు సహస్రనామం చదువుతుంది. నా సాంగత్యం వల్లే ఆమెకు భక్తి కుదిరిందని భజన మండలిలో ఎన్నోసార్లు చెప్పుకున్నాను.

"మరి ఇంట్ల ఎందుకు చదవవు?" అన్నాను.

"ఇంట్ల నువ్వు బండి నడుపవు గద," అని దుకాణదారు వైపు తిరిగింది. "తమ్మీ, చెయ్యి జారకుండ జర గరుకు బట్ట వెయ్యి. లేకుంటే ఇగ నేను బస్సుల పోత."

పైకప్పుకు నా మీగడ రంగు, పిల్లర్లకు ఆమె గరుకు బట్ట వేయించాం. ఆ వారం భజనకు బండి నెమ్మదిగా నడిపాను. ధ్యాన శ్లోకాలు దాటకముందే ఆమె గొంతు ఆగింది. చూస్తే, చేతులు ఒడిలో పెట్టుకుని నిద్రపోతోంది. శ్రీహరి ఏమీ అనుకోడనే నా నమ్మకం.