కారు జాలీలో నిన్నటి పూలు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు వాకిట్లో ఉన్న నల్ల కారును తనివితీరా చూసి, ఆ తర్వాతే మమ్మల్ని పలకరించేవారు. కరీంనగర్‌లో అప్పుడు కార్లు తక్కువ. ఇంటి ముందు కారుందంటే కలిగినవాళ్ళని జనం అనుకునేవారు. మేం అలాంటివాళ్ళం కాదు. అది కిరాయి కారు. ఎవరో పెద్ద ఉద్యోగి బదిలీ మీద పోతూ అమ్మేస్తే, మా అవ్వ తన మెడలోని బంగారు గుండ్ల దండ తీసి ఇస్తే, మా బాపు కొన్నాడు. అవ్వ అంటే మాకు అమ్మ, బాపు అంటే నాన్న. పొలం లేని మాకు ఆ కారే పొలం. అది కదిలితేనే పొయ్యి వెలిగేది.

మా బాపు ఎక్కువగా కొండగట్టుకు కిరాయి కొట్టేవాడు. మంగళవారం, శనివారం అంజన్న దర్శనానికి పోయేవాళ్ళు తెల్లవారకముందే మా గుమ్మం ముందు నిలబడేవారు. కొత్త పెళ్ళికొడుకులు, మొక్కు తీర్చుకునేవాళ్ళు, మనసు బాగాలేని పిల్లను తీసుకుపోయే తల్లులు, అందరినీ ఎక్కించుకుని గతుకుల రోడ్డు మీద పోయి వచ్చేవాడు. పొద్దుగూకేవేళ ఇంటికి చేరేసరికి ఆయన కనురెప్పల మీద కూడా దుమ్ము ఉండేది. కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి, తినడం మర్చిపోయి చూస్తూ ఉండేవాడు. ఏమైందని మా అవ్వ అడిగితే ఏం లేదనేవాడు. నాకు తెలిసి ఆయన ఎక్కువసార్లు అన్న మాట అదే.

గుట్ట మీద మనుషులతో పాటు కారుకూ పూజ జరిగేది. కొబ్బరికాయ కొట్టి, సిందూరం బొట్టు పెట్టి, ముందు అద్దం కింద బంతిపూల దండ వేసేవారు. అక్కడే, బానెట్‌కూ అద్దానికీ మధ్య, లోపలికి గాలి పోవడానికి ఒక జాలీ ఉండేది. దండ సరిగ్గా దాని మీద పడేది. ఎండకు ఎండి, గాలికి రేకులు రాలి, దారం పోగులుగా విడిపోయినా మా బాపు దాన్ని తీసేవాడు కాదు. దేవుడి పువ్వు తనంతట తాను రాలాలే గానీ మన చేత్తో తీయకూడదని ఆయన నమ్మకం. మళ్ళీ మంగళవారం వచ్చేది, పాత దండ మీద కొత్త దండ పడేది.

ఒక ఏడు వానాకాలం దాటాక, ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట రేకు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచింది. వెల్డింగ్ చేయించాడు. మరుసటి వానాకాలానికి ఆ అతుకును కూడా తుప్పు తినేసింది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు లోంచి నీళ్ళు దిగుతున్నాయేమోనని డాంబరు పూశాడు. అయినా ఆగలేదు. చూసినవాళ్ళు దిష్టి అన్నారు. దాంతో నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడాయి, దండలు ఇంకా పెద్దవయ్యాయి. పాపం, ఆ మనిషి రోజూ పొద్దున్నే లేచి కారును పైన అద్దంలా తుడిచేవాడు. అందులో నా ముఖం చూసుకుని నేను జడ వేసుకునేదాన్ని. లోపల మాత్రం అది కుళ్ళిపోతూనే ఉండేది.

చివరికి ఒకరోజు గుట్ట నుంచి వస్తుంటే, ముందు కూర్చున్న ముసలమ్మ కాలు రేకులోంచి కిందికి దిగిపోయింది. దేవుడి దయ వల్ల అప్పుడే కారు నెమ్మదిగా పోతోంది. చెప్పు పోయింది గానీ కాలు గీసుకుపోయింది, అంతే. కానీ ఆ మాట టాక్సీ అడ్డాలో ఆగుతుందా? ఆ కారెక్కితే కాళ్ళతో నడవాల్సిందేనని నవ్వుకున్నారు. మా గుమ్మం ముందు నిలబడే జనం ఇంకో గుమ్మానికి మళ్ళారు. మా బాపు తాళంచెవి మేకుకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, అప్పటికే బొగ్గుబాయిలో, నేల కింద గనిలో, పనిచేస్తున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు మంచం మీద పడుకుని దగ్గుతూనే ఉండేవాడు. అన్న పరిస్థితి విని, తనతో రమ్మని, పని దొరికేలా చూస్తానని కబురంపాడు. కారును పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసి తమ్ముడి వెంట పోవాలని మా బాపు నిశ్చయించుకున్నాడు. చిన్నబాపు తీసుకుపోవడానికి వచ్చాడు కూడా. తెల్లారితే బస్సు. మా బాపమ్మ, ఆ ఇద్దరినీ కన్న తల్లి, చిన్నబాపు వచ్చినప్పటి నుంచి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. ఒక కొడుకు నేల కింద ఉన్నాడు, ఇంకో కొడుకూ దిగబోతున్నాడు. ఆమెకు ఆ పనంటే చిన్నచూపు లేదు. భయం, అంతే. నాకూ భయంగానే ఉండేది. బాపు కూడా అలా దగ్గుతాడేమోనని రాత్రి అవ్వను అడిగితే, అవ్వ నా మీద దుప్పటి సర్దింది.

బస్సుకు ముందు రోజు మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఇనుము కొనేవాడితో మాట్లాడటానికి పోయారు. బాపమ్మ కొంగు బిగించి, బావి నీళ్ళు తోడి కారు కడగడం మొదలుపెట్టింది. పశువును అమ్మినా కడిగి బొట్టు పెట్టి పంపే మనిషి ఆమె. కడుగుతూ కడుగుతూ ఆ జాలీ దగ్గర ఆగింది. వాన వెలిసి ఎండ కాసినా కారు లోపల చుక్కలు పడుతూనే ఉండటం ఆమె చాలాసార్లు గమనించిందట. బతుకమ్మ పండుగ తెల్లారి మా ఇంటి మోరీ, వాడిన నీళ్ళు పోయే కాలువ, కూడా అలాగే చేసేది. గునుగు పూల కాడలు అడ్డుపడి, నీళ్ళు బయటికి పోలేక వంటింటి గడప దాకా వచ్చేవి. ఏటా చేయి పెట్టి తీసేది ఆమే.

ఇంట్లోంచి చారెడు పసుపు తెచ్చి బిందె నీళ్ళలో కలిపింది. నన్ను పిలిచి, కారు లోపల చాప ఎత్తి, సీటు మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోమంది.

"నేను గీ జాలీల పోస్త. పచ్చనీల్లు ఏడ పడ్తయో సూసి చెప్పు బిడ్డా. మంచిగ సూడు, ఆగమాగం జెయ్యకు."

నాకు అది ఆటలా ఉంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ముందు రేకు వెనక నుంచి ఒక పచ్చటి చార దిగింది, దాని పక్కన ఇంకొకటి. సరిగ్గా ముసలమ్మ కాలు దిగిన చోట పసుపు మడుగు కట్టింది. నేను చెప్పగానే బాపమ్మ బిందె కింద పెట్టింది. లోపలికి నీళ్ళు పోయే జాలీ పెట్టినవాడు బయటికి పోయే దారి పెట్టకుండా ఉంటాడా అని తనలో తాను గొణుక్కుంటూ, బొంతలు కుట్టే దబ్బనం తెచ్చింది.

జాలీ కింద చిన్న తొట్టిలాంటి గుంత ఉంది. దాని అడుగున ఒక గొట్టం మొదలై చక్రం వెనక నేల మీదికి తెరుచుకుంటుంది. అది నిండా మూసుకుపోయింది. బాపమ్మ దబ్బనం దూర్చి, తిప్పి, మెల్లగా లాగితే నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. బంతి రేకులు, దారం పోగులు, కొబ్బరి పీచు, అక్షింతలు, సిందూరం, అన్నీ కలిసి మురిగిన వాసన. ఆమె ముక్కు మూసుకోలేదు. దేవుడి పూలు కదా అని ఒక మోదుగాకు మీద పెట్టింది. తీసేకొద్దీ వస్తూనే ఉంది. మళ్ళీ పసుపు నీళ్ళు పోస్తే, ఈసారి లోపల ఒక్క చుక్క పడలేదు. చక్రం వెనక మట్టి మీద సన్నగా పచ్చటి ధార పడింది. నేను కారు దిగి నేల మీద బోర్లా పడుకుని దాన్ని చూశాను.

పొద్దు వాలుతుండగా అన్నదమ్ములిద్దరూ వచ్చారు. మా బాపు మోదుగాకు వైపు చూశాడు, తర్వాత పచ్చటి మట్టి వైపు చూశాడు. బాపమ్మ జరిగింది చెప్పింది. ఆ దారం పోగులు తన దండలవేనని ఆయనకు అర్థమైంది.

"దేవుని పూలు నా చేతితోని ఎట్ల తీస్తనే అవ్వా?"

"ఇంట్ల దేవుని అర్రల నిన్నటి పూలు తీసినంకనే ఇయ్యాల్టి పూలు పెడ్తం గద కొడుకా. పెట్టుడు ఎంతనో తీసుడు గంతనే. గది గూడ పూజనే."

మా బాపు అక్కడే, తడి మట్టిలో, కారుకు వీపు ఆనించి కూర్చుండిపోయాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖంలో సంతోషం లేదు. మోదుగాకు మీది పూల వైపు చూస్తూ అన్నాడు.

"నాతోని గాదే అవ్వా. అలసిపోయిన."

ఆ మాట ఆయన నోట వినడం మా ఇంట్లో అందరికీ అదే మొదటిసారి. గుమ్మంలో మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపమ్మ కొడుకు పక్కన మట్టిలోనే కూర్చుని, పసుపంటిన చేయి ఆయన మోకాలి మీద వేసింది.

"అలసిపోతరు బిడ్డా. గా మాట ఇన్నొద్దులు ఎందుకు జెప్పలే?"

ఆయన ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే. చిన్నబాపు కొంచెం దూరంలో నిలబడి దగ్గాడు. దగ్గు తగ్గాక అన్నాడు.

"నువ్వు రాకు అన్నా. బాయిల దిగనీకి మనింట్ల నేనొక్కన్ని చాలు."

తెల్లారి బస్సుకు చిన్నబాపు ఒక్కడే పోయాడు. బస్సు కనుమరుగయ్యాక కూడా బాపమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. ఒక కొడుకు ఆగాడన్న సంతోషమూ, ఇంకో కొడుకు పోయాడన్న బాధా ఆమె ముఖంలో ఎలా కలిసి ఉన్నాయో అప్పుడు నాకు తెలియలేదు. నేను తల్లినయ్యాకే తెలిసింది.

మా బాపు కారును ఇనుముకు అమ్మలేదు, మళ్ళీ రేకు వేయించాడు. ఆ అతుకు మాత్రం మళ్ళీ చెడలేదు. గిరాకీ వెంటనే రాలేదు. మెల్లమెల్లగా వచ్చింది. ఆ కారు ఆ తర్వాత చాలా ఏళ్ళు గుట్టకు పోయి వచ్చింది. నా బడి చదువంతా దాని మీదే నడిచింది. బాపు అలసట మాత్రం తగ్గలేదు, ఆ రోడ్లకు ఎలా తగ్గుతుంది? కానీ ఇంటికి వచ్చాక బాపమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎవరేమన్నారో చెప్పేవాడు. చెప్పాక కంచంలో అన్నం తినేవాడు. కారు మళ్ళీ గుట్టకు బయల్దేరే ముందు పాత దండ తీసి, గొట్టంలో దబ్బనం ఆడించి, వచ్చిన పూలను కాలు పడని చోట కరివేపాకు చెట్టు మొదట్లో వేయడం నా పని. అది ఒకసారి చేస్తే అయిపోయే పని కాదు. పూలు మళ్ళీ రాలతాయి.

ఆ దబ్బనం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా అబ్బాయి కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. అద్దం కింద పుల్లలూ ఆకులూ తీస్తూ, తలుపుల అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు వెతుకుతూ నేను వంగినప్పుడల్లా, కారుకు చెవుల గుబిలి తీస్తున్నవా అవ్వా అని వాడు ఆటపట్టిస్తాడు. తీస్తున్నాను మరి, నీ కారుకు చెవులు వినపడాలి కదా అంటాను. ఈ మధ్య మోకాళ్ళు మాట వినడం లేదు. వేపచెట్టు మాత్రం ఆకులు రాల్చడం మానదు. పొద్దున్నే మంచం మీద కూర్చుని, ఇంకెన్నాళ్ళు ఈ చాకిరీ అనిపిస్తుంది. అప్పుడు ఎట్లున్నవని కోడలు అడిగితే, బాగున్నానని చెప్పను. అలసిపోయానమ్మా అంటాను. ఆ అమ్మాయి వచ్చి కాసేపు నా పక్కన కూర్చుంటుంది. తర్వాత దబ్బనం తీసుకుని మెట్లు దిగుతాను.