వదిన తాగిన రెండు డొప్పల జావ

పోయిన అక్టోబర్లో ఒక ఉదయం ఏడుంబావుకు దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేశారు. నేను ఖమ్మంలో మా వంటింట్లో జొన్న జావ వడకడుతున్నాను. "జావ తేకు," అన్నారు. "అక్క ఇగ తాగదు." స్టవ్ ఆర్పేశాను కానీ వడకట్టడం ఆపలేదు. పని సగంలో వదిలేస్తే మా వదిన ఊరుకునేది కాదు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, టేకులపల్లి అవతల అడవి గూడేలకు ఇరవై ఆరేళ్ళు నర్సమ్మ. టీకాలు, కాన్పులు, మలేరియా పరీక్షలు ఆమె పని. నలభై ఏడేళ్ళ వయసులో సైకిల్ రేసుల్లోకి దిగింది. ఐదు వందల కిలోమీటర్లు, తారు తక్కువ, మొరం, కంకర, ఇసుక ఎక్కువ. సాయంత్రం బయల్దేరి రెండు రాత్రులు, రెండు పగళ్ళలో ముగించాలి. దారిలో ఎవరి సాయమూ తీసుకోకూడదు.

ఆమె పోయిన మర్నాడే ఆ రేసు నిర్వాహకులు సంతాప సందేశం పెట్టారు. "అడవి బిడ్డ, అలుపెరుగని రైడర్, మా కుటుంబ సభ్యురాలు" అని. వచ్చే ఏడు ఆమె పేరుతో పతకం ఇస్తారట. చదివి ఒళ్ళు మండింది. మా వదిన పుట్టింది అడవిలో కాదు, ఖమ్మం బస్టాండు వెనక సందులో. ఇక అలుపెరగకపోవడమా? అలుపు గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఎన్ని గంటలకు ఎంత అలుపు వస్తుందో, దానికి ఎన్ని నిమిషాల నిద్ర కావాలో నాతో పుస్తకంలో రాయించింది. కుటుంబ సభ్యురాలైతే, అంతకు ముందు ఫిబ్రవరిలో రేసు ముగించిన మనిషిని ఫలితాల పట్టికలో "అనర్హురాలు" అని ఎందుకు ఉంచారు? సందేశం పెట్టిన రోజు కూడా ఆ మాట అక్కడే ఉంది. నేను చూశాను. రోజూ పొద్దున చూసేదాన్ని.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఇంట్లో ఏది ఎంత వాడామో రాసే అలవాటు నాది. మొదటి రేసుకు ముందు వదిన అది చూసి, "ఏమే, పప్పుకే గింత లెక్క రాస్తవ్, నా కడుపుకు రాయవా?" అంది. అప్పటినుంచి ఆమె తొక్కిన ప్రతి పొడవు దారికీ ఒక పేజీ ఉంది. గంటకు ఎంత తింది, ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు. బయల్దేరే ముందు బరువు, తిరిగొచ్చాక బరువు. రెండు కిలోలు తగ్గితే నీళ్ళు చాలలేదని అర్థం. ఆమె నర్సు కాబట్టి మూత్రం రంగుకు కూడా ఒక గడి గీయించింది. మా పెద్దత్త అది చూసి, "ఇంట్ల చీరె రంగులు రాసుకుంటరు గాని గిదేందే?" అని నెల రోజులు నవ్వింది.

పట్నం నుంచి వచ్చేవాళ్ళు పొట్లాల్లో తియ్యటి జిగురు తెచ్చుకుంటారు. వదిన మొదటి రేసులో తిని వాంతి చేసుకుంది. తర్వాత ఇద్దరం కూర్చుని మా తిండి మేం తయారు చేశాం. ఇప్పపువ్వు లడ్డు నిమ్మకాయంత, చింతపండు పులిహోర ముద్దలు, బెల్లం అటుకులు. నలభై నిమిషాలకొకటి, ఆకలి ఉన్నా లేకపోయినా. "ఆకలైనంక తింటె అది కాళ్ళ దాకా పోయెసరికి గంట పడ్తది," అనేది. ఇరవై గంటలు దాటాక మాత్రం తీపి ఏదీ గొంతు దిగదు. అప్పుడు పుల్లగా, ఉప్పగా ఉన్నదే దిగుతుంది. ఇది కూడా పుస్తకంలో ఉంది, కింద గీత గీసి.

సైకిల్ సెకండ్‌హ్యాండ్‌ది, హైదరాబాద్ నుంచి తెప్పించింది. వెడల్పు టైర్లు, లోపల ట్యూబు ఉండదు. పాలలాంటి మందు పోస్తారు. తుమ్మముల్లు దిగితే పీకి చక్రం తిప్పితే చాలు, ఆ మందే రంధ్రాన్ని మూసేస్తుంది. మొరం మీదికి దిగే ముందు ఆగి గాలి కొంచెం తీసేసేది. గట్టి టైరు రాళ్ళ మీద ఎగురుతుంది, మెత్తటిది పట్టుకుంటుంది. సీటు రాపిడికి పుండ్లు పడకుండా ఆగిన ప్రతిచోటా కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసుకునేది. "సిగ్గుపడ్డోళ్ళంత సగం దార్ల దిగిపోయిన్రు," అనేది. రేసు అయ్యాక మా హాల్లో గోడకు కాళ్ళు ఆనించి పడుకునేది. రెండు గుడ్లు, పెరుగన్నం, పది గంటల నిద్ర. రెండో రోజు నడక మాత్రమే. మూడో రోజు డ్యూటీ.

దశదినకర్మ నాడు బంధువులొకరు, "తొక్కి తొక్కి ఒళ్ళు గుల్ల చేసుకుంది," అన్నారు. ఆమెకు వచ్చింది క్లోమంలో కాన్సర్. సైకిల్‌కూ దానికీ సంబంధం లేదని డాక్టర్ చెప్పాడు. నేను పుస్తకం తెచ్చి ఆ బంధువు ముందు పెట్టాను. ఆయన తెరవలేదు.

ఇప్పుడు అసలు విషయం. కిందటేడు ఫిబ్రవరిలో, రేసు రెండో రోజు మధ్యాహ్నం, రెండు వందల ఎనభై కిలోమీటర్ల దగ్గర వదినకు ఏదీ కడుపులో నిలవలేదు. ఆ దారి ఆమె డ్యూటీ చేసే ఒక కోయగూడెం పక్కనుంచే పోతుంది. రోడ్డు పక్కన ఒక అవ్వ జావ కుండ పెట్టుకుని కూర్చుంది. వదిన ఆగింది. రెండు ఆకు డొప్పల జావ తాగింది, అవ్వ మంచం మీద ఇరవై నిమిషాలు పడుకుంది, లేచి తొక్కింది. నలభై ఒక్క గంటల ఇరవై నిమిషాల్లో ముగించింది. ఆడవాళ్ళలో రెండోది.

వెనకే వచ్చిన ఒక రైడర్ ఆమె తాగుతుండగా ఫొటో తీశాడు. ఫిర్యాదు చేశాడు. అందరికీ దొరికేది కొనుక్కోవచ్చు కానీ తెలిసినవాళ్ళు తెచ్చిచ్చేది తీసుకోకూడదని నియమం. నాకు ఆ నియమం బాగా తెలుసు. దానికి కట్టుబడే, రేసు మొదలయ్యాక ఒక్క గుక్క మంచినీళ్ళు కూడా నేను ఆమెకు ఇవ్వలేదు.

నిర్వాహకుడు ఫోన్ చేశాడు. "మేడమ్, పదో ఇరవయ్యో ఇచ్చి కొనుక్కున్నానని ఒక్క మెయిల్ పెట్టండి. అంగట్లో కొన్నట్టే లెక్క. మిగతాది నేను చూసుకుంటా."

"నేను ఇయ్యలే సార్," అంది వదిన.

"ఇచ్చారని రాయండి, అంతే."

"అవ్వ తీసుకోదు సార్. ఇయ్యబోతె మల్ల నన్ను గడప తొక్కనియ్యదు."

ఫోన్ పెట్టేశాక నేనే ఆమెతో గొడవ పడ్డాను. "రాస్తె ఏం పోతది వదినా? నలభై ఒక్క గంటలు తొక్కినవ్." మెయిల్ కూడా నేనే రాసి చూపించాను. ఆమె మొత్తం చదివి, చెరిపేసింది.

"ఇరవై ఆరేండ్లు ఆ జావ తాగిన. ఒక్కనాడు రేటు కట్టలే. ఇయ్యాల కట్టుడు నాతోని గాదే."

అప్పుడు నేను బస్సెక్కి, ఆటో ఎక్కి ఆ గూడేనికి వెళ్ళాను. పుస్తకం తీసి, "నర్సమ్మ కోసమే పెట్టినవా అవ్వా?" అని అడిగాను.

"నర్సమ్మ ఒక్కదానికి కుండెడు కాస్తనా? దానిది కడుపా, కుంటనా?" అంది అవ్వ. "ముందుగాల పోయినోళ్ళను గుడ పిలిసిన. ఆ టోపీలోళ్ళను. చెయ్యూపుకుంట పోయిన్రు. ఆగితె పోసెటోళ్ళం."

"ఎంతమందిని పిలిచినవ్?"

"దారెంట పోయెటోళ్ళను ఎవలన్న లెక్కవెడ్తరా? అందర్నీ పిలుస్తం."

ఇంకేం కావాలి? అందరికీ దొరికేదే అది. ఆగనివాళ్ళకు దొరకలేదు, అంతే. ఫొటో తీసినవాడిని కూడా అవ్వ పిలిచిందట. ఇదంతా రాసి, పుస్తకం పేజీలు జతచేసి పంపాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది: నిర్ణయం మారదు, అర్థం చేసుకోగలరు.

వదిన ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. దవాఖానాలో మాత్రం రెండుసార్లు అడిగింది. "ఆ లిస్టు మారిందానే?" అని. "ఇంకా చూడలే వదినా," అన్నాను. రెండుసార్లూ అబద్ధమే.

ఆమె పోయినప్పుడు గూడెం మొత్తం వచ్చింది. వెళ్ళేటప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఆ సైకిల్లోళ్ళు మల్ల వస్తరా?" అని అడిగింది. ఫిబ్రవరిలో వస్తారన్నాను. "అయితె పెద్దకుండ పెడ్త," అంది.

ఈ ఫిబ్రవరిలో నేనూ వెళ్ళాను, పుస్తకంతో. అవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మలుపు దగ్గర కూర్చుని వచ్చిన ప్రతివాళ్ళనూ పిలిచారు. ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు, ముప్ఫై మంది ఆగారు. ఒకతను మూడో డొప్పకు చెయ్యి చాపి, "ఇంకొంచెం అవ్వా," అన్నాడు. "నీ మొగం జూస్తె ఇంకో కుండ గావాలె," అని అవ్వ పోసింది. అతన్ని గుర్తుపట్టాను. కిందటేడు ఫొటో తీసింది అతనే. అతని నంబరు పక్కన "మూడు" అని రాసి కింద గీత గీశాను.

రెండు నలభైకి నిర్వాహకుడు జీపులో వచ్చాడు. ఎండన పడి వచ్చాడు, రెండు డొప్పలు తాగాడు. మూతి తుడుచుకుని పర్సు తీశాడు.

"జేబుల వెట్టుకో బిడ్డా," అంది అవ్వ. "నర్సమ్మ గుడ ఎన్నడియ్యలే."

అతని చెయ్యి అక్కడే ఆగింది. నేను లేచి పుస్తకం ఇచ్చాను.

"ఏంటండీ ఇది?"

"బయటి సాయం. అందరి నంబర్లు ఉన్నయి, టైముతో సహా. చివర్ల మీరు. కొట్టెయ్యాలంటె ముప్ఫై కొట్టెయ్యండి. లేకుంటె ఒక్కటి దిద్దండి."

పేజీ చివరిదాకా చదివాడు. పుస్తకం నా చేతిలో పెట్టి జీపెక్కాడు.

ఐదో రోజు పొద్దున పాత పట్టికలో "అనర్హురాలు" అన్న మాట లేదు. నలభై ఒక్క గంటల ఇరవై నిమిషాలు అని ఉంది. ఒక ఉత్తరం లేదు, ఒక ఫోన్ లేదు, తప్పయిందన్న మాట లేదు. అడిగిన మనిషి ఉన్నప్పుడు ఐదు నిమిషాల్లో చేయగలిగిన పని అది. అందుకే పతకానికి ఆమె పేరు పెట్టొద్దని వాళ్ళకు రాశాను. ఇంటికి తెచ్చిన పుస్తకంలో ఆమె పేజీ తీసి, తేదీ వేసి, "లిస్టు మారింది వదినా" అని రాశాను.

రేసు రోజు అన్నిటికంటే ముందు జరిగిన సంగతి పుస్తకంలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఇంకా ఎవరూ రాకముందు అవ్వ మొదటి డొప్ప ముంచి, ఎవరికీ ఇవ్వకుండా, రోడ్డు మధ్యకు పోయి మొరం మీద పోసింది. తన భాషలో ఏదో అంది. జావ పూర్తిగా ఇంకకముందే మొదటి సైకిల్ వచ్చింది. ఆమె పిలిచినా ఆగలేదు, ఆ తడి మీదుగానే పోయింది. టైరుకు అంటిన జావ చక్రం తిరిగినప్పుడల్లా ఎర్రమట్టి మీద ఒక తెల్లటి మరక వేసుకుంటూ పోయింది. పదకొండు దాకా లెక్కపెట్టాను. ఒక్కోటి ముందుదానికంటే పలచగా, టేకు చెట్ల మలుపు వైపు.