మూలుగు వినపడని ఇల్లు

నా చిన్నప్పుడు, పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, మేము సీతాఫల్‌మండిలో ఉండేవాళ్లం. ఆ ఏడే మా గల్లీకి ప్లేగు వచ్చింది. మా నానమ్మకు అప్పటికే పదేళ్లుగా నడుము నొప్పి. దవాఖానాలో వారానికోసారి నూనె రాసి కాపడం పెట్టేవాళ్లు. ప్లేగు రాగానే, పాత నొప్పులవాళ్లు ఇప్పుడు రావొద్దని గేటు దగ్గరే తిప్పి పంపారు.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది పిల్లలూ. మంచాన పడి ఎవరైనా మూలుగుతుంటే ప్లేగేనని ఊరి బయట క్యాంపుకు తీసుకుపోయేవాళ్లు. అక్కడికి పోయిన ముసలివాళ్లు తిరిగి రావడం మేం చూడలేదు. నానమ్మేమో మూలగకుండా ఉండలేకపోయేది.

నిజాం సర్కారు పోయాక, పక్కింటి ముస్లింలు, మేం ఆపా అని పిలిచే అక్క వాళ్లు, భయంతో వీధి తలుపు తీసేవాళ్లే కాదు. అయినా ఆపా పెరటి దారిన వచ్చి, వేడి ఉప్పు మూటతో నానమ్మకు కాపడం పెట్టేది. ఉపాయం కూడా ఆమే చెప్పింది. "తనిఖీకి వస్తే నువ్వు ఇసుర్రాయి తిప్పు బేటా. జెర జోరుగా తిప్పు. మూలుగు అండ్ల కలిసిపోతది."

ఒక పొద్దున ప్లేగు తనిఖీవాళ్లు రానే వచ్చారు. నాన్న నానమ్మను లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, ముందర చింతపండు చేట పెట్టాడు. ఆమెకు కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం. జొన్నలు పోసేంత వ్యవధి కూడా లేక నేను ఉత్త రాయే తిప్పాను.

వచ్చినవాళ్లలో ఒకాయన మంచివాడు. గడపలో వంగి, "ఏమన్న తక్లీఫ్ ఉన్నదా అమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు. పదేళ్లలో ఆమెను అట్లా ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

నానమ్మ చింతగింజ తీస్తూనే, "ఏం లేదు బిడ్డా, మంచిగున్న" అంది. నేను ఇంకా జోరుగా తిప్పాను.

వాళ్లు పోయాక నాన్న నా వీపు తట్టి మెచ్చుకున్నాడు. నానమ్మను పడుకోబెడుతూ చూస్తే, ఆమె కింది పెదవి పంటి గాటుకు తెగి ఉంది.

ప్లేగు పోయింది. దవాఖానాకు మళ్లీ రమ్మన్నారు. నానమ్మ పోలేదు. నొప్పి ఉందా అంటే లేదనేది, ఆపాతో కూడా. మూలగడం పూర్తిగా మానేసింది. ఇంట్లో అందరూ నయమైందనుకున్నారు. కాదని నాకు తెలుసు, కానీ చెప్పలేదు. ఇల్లు అట్లా చప్పుడు లేకుండా ఉండడం నాకూ హాయిగానే ఉండింది. మూడేళ్లకు ఆమె పోయింది.

ఆపా మా మంచికే చెప్పింది, ఆమెను తప్పు పట్టలేను. ఇప్పుడు ఎవరైనా నాకేం లేదంటే నేను వెంటనే నమ్మను, కాసేపు పక్కనే కూర్చుంటాను. నా నొప్పి నోరు తెరిచి చెప్పడం మాత్రం నాకు ఇంతవరకు చేతకాలేదు.