గ్రామమా, నగరమా, ఆష్‌బర్నా?

ఆష్‌బర్న్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఆ రోజుల్లో, అమెరికా గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ప్రపంచంలోని ఇంటర్నెట్ అంతా మా వీధి చివర డేటా సెంటర్ల లోంచే పోతుందని చుట్టాలకు ఫోన్లో కోతలు కోసేవాణ్ణి. ఆ గొప్పంతా గృహప్రవేశం నాడు పీటల మీద కూర్చున్న కాసేపటికే దిగిపోయింది.

ముహూర్తం పెట్టింది మా మామగారు. ఆంధ్రాలో మున్సిపల్ కమిషనర్‌గా రిటైరైన మనిషి, ఈ శుభకార్యం కోసమే విమానమెక్కి వచ్చారు. ఆయన దగ్గర మంచి అల్లుడు అనిపించుకోవాలని నా తాపత్రయం. పురోహితులు సంకల్పం మొదలుపెట్టి, దేశం పేరు చెప్పి, ఊరి దగ్గర ఆగారు. "గ్రామమా, నగరమా నాయనా?" "నగరమేనండీ," అన్నాను ధీమాగా. వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. "మేయర్ ఎవరు?"

ఎవరూ లేరని నాకు అప్పుడే వెలిగింది. "మేయర్ లేరండీ, అన్నీ కౌంటీయే చూసుకుంటుంది," అన్నాను. "కౌంటీ అంటే జిల్లా కదయ్యా! పోనీ పంచాయతీ ఉందా?" "అదీ లేదండీ, హెచ్‌ఓఏ ఉంది." (గడ్డి కాస్త పెరిగితే నోటీసు పంపే ఇళ్ల సంఘం అది.) "అంటే, సర్పంచ్ కూడా లేని చోట మా అమ్మాయిని పెట్టావా?" ఆయన ముఖంలో కోపం లేదు, నిజమైన బెంగ ఉంది. నాకు చెమటలు పట్టాయి.

"టౌన్ అని చెప్పెయ్‌రా, లైట్ తీస్కో," అన్నాడు పక్కనే ఉన్న వరంగల్ మిత్రుడు. "దేవుడి దగ్గర తప్పుడు అడ్రస్ చెప్తారా?" అన్నారు మామగారు. పాలగిన్నె పట్టుకున్న మా ఆవిడ, "ముహూర్తం దాటిపోతోంది, ఏదో ఒకటి తేల్చండి!" అని పళ్లు నూరింది. అక్షతలు అంటిన చేత్తోనే ఫోన్ తీసి వెతికాను. వెతికినకొద్దీ అయోమయం పెరిగింది. చివరికి నీరసంగా చదివి వినిపించాను. "జనాభా లెక్కల వాళ్ల ప్రకారం ఇది గ్రామం కాదు, టౌన్ కాదు, సిటీ కాదు. లెక్కల కోసం గీత గీసుకున్న ఒక ప్రదేశం, అంతేనటండీ."

"ప్రదేశమా! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా," అని పురోహితులు హుషారుగా "ఆష్‌బర్న్ ప్రదేశే" అంటూ అందుకున్నారు. మామగారి సర్వీసులో అలాంటిది తగిలినట్టు లేదు. పాలు మాత్రం ముహూర్తంలోనే పొంగాయి.

భోజనాలయ్యాక ఆయన వరండాలో నిలబడి ఇండియాలో ఉన్న వాళ్లన్నయ్యతో ఫోన్లో మాట్లాడుతున్నారు. పొద్దుటి పరువు తక్కువ సంగతి చెప్తున్నారేమోనని భయపడి, తలుపు చాటున చెవి ఒగ్గాను. "రోడ్లు శుభ్రంగా ఉన్నాయన్నయ్యా, మన తెలుగువాళ్లు బోలెడుమంది. ఏ బెంగా పెట్టుకోకు. అమ్మాయి వాళ్ల ఊరు బాగుంది," అన్నారాయన. చేతిలో ఫోన్, అందులో ప్రభుత్వం వారి లెక్కలు పెట్టుకుని, 'ఊరు' అన్న ఆ ఒక్క మాట తోచక పీటల మీద చెమటలు కక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ జాలేసి నవ్వొస్తుంది.